లూసియా హారిస్: 22 ఏళ్లకే ఆగిపోయిన ఆట వెనుక లెక్కలు

1977 జూన్‌లో జరిగిన ఎన్‌బీఏ (అమెరికా పురుషుల బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, న్యూ ఓర్లీన్స్ జాజ్ జట్టు ఏడో రౌండులో, మొత్తం మీద 137వ ఎంపికగా, లూసియా హారిస్ అనే యువతి పేరు ప్రకటించింది. ఆమె తర్వాత ఎంపికైన పురుషులు 33 మంది ఉన్నారు. ఆమె ఆ పిలుపును మన్నించలేదు, జట్టు ఎంపిక శిబిరానికి వెళ్లలేదు. ఎన్‌బీఏ అధికారికంగా డ్రాఫ్ట్ చేసిన తొలి మహిళగా ఆమె పేరు క్విజ్ పుస్తకాలకెక్కింది. చాలామందికి ఆమె గురించి తెలిసింది కూడా ఆ ఒక్క ముక్కే. అయితే ఆమె ఆట జీవితంలో ఆటతో అతి తక్కువ సంబంధం ఉన్న ఘట్టం అదే. అప్పటికే మూడు జాతీయ కాలేజీ టైటిళ్లు, ఒక ఒలింపిక్ రజతం గెలిచిన క్రీడాకారిణి 22 ఏళ్ల వయసులో, ఒంట్లో సత్తువ నిండుగా ఉన్నప్పుడు, ఎందుకు ఆగిపోవలసి వచ్చిందన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు ఆమె వ్యక్తిగత నిర్ణయాల్లో కొంతే దొరుకుతుంది. ఎక్కువ భాగం ఆనాటి చట్టాల గడువుల్లో, క్రీడా సంఘాల చరిత్రలో ఉంది.

హారిస్ 1955 ఫిబ్రవరి 10న మిసిసిపీ రాష్ట్రంలోని మింటర్ సిటీలో పుట్టింది. పేరులో సిటీ ఉన్నా అది పత్తి చేల మధ్య పల్లె. పదకొండు మంది సంతానంలో ఆమె పదోది. ఆ పిల్లలందరిలాగే ఆమె కూడా చేలో పత్తి ఏరింది. ఆమె పుట్టిన ఏడాదే ఆగస్టులో, అదే లెఫ్లోర్ కౌంటీలోని మనీ అనే ఊళ్లోంచి ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుణ్ణి ఎత్తుకుపోయి చంపారు. నిందితులను జ్యూరీ నిర్దోషులుగా వదిలేసింది. ఆమె బాల్యం గడిచిన చోటు ఎలాంటిదో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. రాత్రి పొద్దుపోయాక, పడుకోవలసిన వేళ దాటాక, దుప్పటి ముసుగులోంచి టీవీలో ఎన్‌బీఏ తార ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆట చూసేదాన్నని ఆమె తర్వాతి కాలంలో చెప్పుకుంది. ఎదుగుతున్న కొద్దీ ఆరడుగుల మూడంగుళాల ఎత్తయింది. బడిలో పిల్లలు ఆ ఎత్తును చూసి వెక్కిరించేవారు. గ్రీన్‌వుడ్‌లోని అమాండా ఎల్జీ హైస్కూల్లో కోచ్ కాన్వే స్టివర్ట్ కింద ఆడుతూ ఒకే ఆటలో 46 పాయింట్లు చేసి ఆ బడి రికార్డు నెలకొల్పాక వెక్కిరింతలకు తావు లేకపోయింది.

ఆమె మొదట చేరాలనుకున్నది ఆల్కార్న్ స్టేట్ అనే నల్లజాతీయుల విశ్వవిద్యాలయంలో. అక్కడ ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ జట్టు లేదు. క్లీవ్‌లాండ్‌లోని డెల్టా స్టేట్ విశ్వవిద్యాలయం 1973లో మహిళల జట్టును మళ్లీ మొదలుపెట్టబోతోందని తెలిసి అటు మళ్లింది. (ఈ క్లీవ్‌లాండ్ మిసిసిపీలోని చిన్న పట్నం, ఒహాయో రాష్ట్రంలోని మహానగరం కాదు.) డెల్టా స్టేట్ తొలి నల్లజాతి విద్యార్థిని చేర్చుకున్నది 1967లో. అంటే హారిస్ అడుగుపెట్టే నాటికి అక్కడ తెల్లవారితో కలిసి చదువుకోవడం ఆరేళ్ల ముచ్చట. జట్టులో నల్లజాతి క్రీడాకారిణి ఆమె ఒక్కతే. కొన్నాళ్లకు అక్కడి విద్యార్థులే ఆమెను హోమ్‌కమింగ్ క్వీన్‌గా, అంటే కాలేజీ వేడుకల రాణిగా, ఎన్నుకున్నారు. ఆ విశ్వవిద్యాలయంలో ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి యువతి ఆమే.

"మళ్లీ మొదలుపెట్టడం" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. డెల్టా స్టేట్‌లో 1930ల మొదట్లోనే మహిళల జట్టు ఉండేది, బాగా ఆడేది కూడా. యువతుల సుకుమారానికి ఈ ఆట మరీ శ్రమ అని చెప్పి పాలకులు దాన్ని రద్దు చేశారు. ఆగ్రహించిన ఆటగత్తెలు తమ ఆట దుస్తులను తగలబెట్టారు. వారిలో మార్గరెట్ వేడ్ ఒకరు. నలభయ్యేళ్ల తర్వాత, అరవయ్యో పడిలో ఉన్న ఆ వేడ్‌నే పిలిచి కొత్త జట్టుకు కోచ్‌ని చేశారు. ఒక తరం ఆట పూర్తిగా కొట్టుకుపోయాక, దాన్ని కళ్లారా చూసిన మనిషి చేతికే తర్వాతి తరాన్ని అప్పగించారన్నమాట. వేడ్‌కు 1973లో దక్కినంత అదృష్టం ఆమె తరంలో ఎక్కువమందికి దక్కలేదు.

ఆట నిబంధనలు కూడా అప్పుడప్పుడే మారాయి. అంతకుముందు అమెరికాలో ఆడపిల్లలు చాలాచోట్ల జట్టుకు ఆరుగురు చొప్పున ఆడేవారు. ముగ్గురు ఫార్వర్డ్‌లు ఒక సగంలో ఉండి గోల్ వేయడం, ముగ్గురు గార్డులు మరో సగంలో ఉండి అడ్డుకోవడం, ఎవరూ మధ్య గీత దాటకపోవడం పద్ధతి. బంతిని నేలకు కొడుతూ నడిపించే డ్రిబ్లింగ్‌కూ హద్దులుండేవి. ఆడవాళ్ల దేహం ఇంతకు మించి తట్టుకోలేదన్న నమ్మకమే ఈ నిబంధనలకు పునాది. కాలేజీ స్థాయిలో ఐదుగురు, పూర్తి కోర్టు, 30 సెకన్ల షాట్ క్లాక్ (ఆలోగా బంతిని బుట్ట వైపు వెయ్యాలన్న గడువు) అనే పద్ధతి 1971లో ఖాయమైంది. రీబౌండ్ (బుట్టలో పడక వెనక్కి ఎగిరిన బంతి) అందుకుని, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి, అవతలి బుట్ట కింద మళ్లీ చోటు సంపాదించుకోవడమే హారిస్ ఆడిన సెంటర్ స్థానం పని. గీత దాటనివ్వని ఆటలో ఆ పనిలో సగం తెగిపోతుంది. కాలం హారిస్‌కు అనుకూలంగా నడిచింది ఈ ఒక్క విషయంలోనే.

నాలుగేళ్లలో డెల్టా స్టేట్ ఫలితాలను వరసగా చూస్తే జట్టు స్థాయి అర్థమవుతుంది. మొదటి ఏడు 16 గెలుపులు, 2 ఓటములు. రెండో ఏడు 28 గెలుపులు, ఓటమి లేదు. మూడో ఏడు 33, 1. నాలుగో ఏడు 32, 3. మొత్తం 115 ఆటల్లో 109 విజయాలు. మధ్యలో వరసగా 51 ఆటలు ఓడకుండా గెలిచారు. 1975, 1976, 1977 జాతీయ టైటిళ్లు మూడూ వాళ్లవే. హారిస్ వ్యక్తిగత ఖాతాలో 2,981 పాయింట్లు, 1,662 రీబౌండ్లు ఉన్నాయి. సగటున ఆటకు 25.9 పాయింట్లు, 14.5 రీబౌండ్లు. రెండు అంకెలూ కలిపి చూసినప్పుడే ఆమె ఆట అర్థమవుతుంది. మహిళల కాలేజీ ఆటలో అప్పటికి మూడు పాయింట్ల గీత లేదు, అది మరో పదేళ్లకు గానీ రాలేదు. బంతి కూడా మగవాళ్లు ఆడే సైజుదే, మహిళలకు చిన్న బంతి 1984లో వచ్చింది. అందువల్ల ఆట మొత్తం బుట్ట చుట్టూ పది అడుగుల మేర బిగుసుకుపోయి సాగేది. బుట్టకు వీపు పెట్టి, వెనుక నుంచి తోస్తున్న ప్రత్యర్థిని నడుముతో నిలవరించి, చెయ్యి చాచి పాస్ అందుకుని, ఒక కాలి మీద తిరిగి బోర్డుకు తగిలేలా బంతి వదలాలి. తప్పితే అందరికన్నా ముందు ఎగిరి దాన్నే అందుకుని మళ్లీ వెయ్యాలి. ఇదంతా రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లను ఆటకు ఇరవై ముప్పైసార్లు తప్పు లేకుండా చేయగలగడమే హారిస్ నైపుణ్యం. ఆమె ఎత్తు ఒక్కటే కారణమనుకునేవారు, అప్పటికీ ఎత్తయిన ఆటగత్తెలు చాలామందే ఉన్నారని గుర్తుంచుకోవాలి.

1975 ఫైనల్‌లో డెల్టా స్టేట్ ఓడించింది ఇమాక్యులాటా కాలేజీని. 90–81 తేడాతో ముగిసిన ఆ ఆటలో హారిస్ 32 పాయింట్లు చేసి, 16 రీబౌండ్లు అందుకుంది. ఇమాక్యులాటా అంటే ఫిలడెల్ఫియా దగ్గర సన్యాసినులు నడిపే చిన్న క్యాథలిక్ మహిళా కాలేజీ. 1972 నుంచి వరసగా మూడేళ్లు జాతీయ విజేత అదే. పెద్ద పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఉండగా ఒక మఠం కాలేజీ, ఒక పత్తి ప్రాంతపు కాలేజీ దేశపు ఫైనల్‌లో తలపడటం వింతగా అనిపిస్తుంది. కారణం మాత్రం సాదాది: పెద్ద విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల ఆటల మీద ఇంకా డబ్బు పెట్టడం మొదలుపెట్టలేదు. చిత్తశుద్ధి ఉన్న కోచ్, ఒకరిద్దరు గట్టి ఆటగత్తెలు ఉంటే చిన్న కాలేజీ కూడా దేశాన్ని గెలవగల రోజులవి.

ఇక్కడే టైటిల్ నైన్ అనే చట్టం సంగతి వస్తుంది. కేంద్ర నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థ అయినా ఆడమగ వివక్ష చూపరాదన్నది దాని సారాంశం. 1972 జూన్‌లో చట్టమైంది కాబట్టి, 1973లో కాలేజీలో చేరిన హారిస్ దాని ఫలం పూర్తిగా అనుభవించిందని చాలా వ్యాసాలు రాసేస్తాయి. అది సగమే నిజం. చట్టానికి అమలు నిబంధనలు వెలువడింది 1975లో. వాటిని పాటించడానికి కాలేజీలకు ఇచ్చిన గడువు 1978 జూలై. హారిస్ కాలేజీ ఆట ముగించింది 1977లో. చట్టం పుట్టించిన ఉత్సాహం ఆమె చదువు రోజులను తాకింది. డెల్టా స్టేట్ జట్టు మళ్లీ ప్రాణం పోసుకోవడానికీ ఆ గాలే కొంత కారణమై ఉండాలని నేననుకుంటాను. ఆ చట్టం తెచ్చిన స్కాలర్‌షిప్పులు, వసతులు, బడ్జెట్లు మాత్రం ప్రధానంగా ఆమె తర్వాత వచ్చినవారికి దక్కాయి. ఆ డబ్బు పెద్ద విశ్వవిద్యాలయాల్లోకి పారడం మొదలయ్యాక ఇమాక్యులాటా, డెల్టా స్టేట్ లాంటివి అగ్రశ్రేణి నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఒక మేలైన చట్టం తాను రాకముందే ఆటను మోసిన చిన్న సంస్థలను పక్కకు నెట్టిందన్నది చేదు నిజం. అయినా ఆ చట్టం వద్దని ఎవరూ అనరు.

1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్‌కు మొదటిసారి చోటు దొరికింది. పురుషులకు ఆ చోటు 1936లోనే దక్కింది. ఆరు జట్లు ఒకదానితో ఒకటి ఆడే పద్ధతిలో తొలి ఆట జపాన్, అమెరికా మధ్య జరిగింది. ఆ ఆటలో తొలి బుట్ట వేసింది హారిస్. ఒలింపిక్ మహిళల బాస్కెట్‌బాల్ చరిత్రలో మొట్టమొదటి పాయింట్లు ఆమెవే. ఆ ఆటను అమెరికా 71–84 తేడాతో ఓడిపోయిందన్న సంగతి ఈ ఘనత చెప్పేటప్పుడు సాధారణంగా ఎవరూ ఎత్తరు. ఆ జట్టులో యాన్ మేయర్స్, పద్దెనిమిదేళ్ల నాన్సీ లీబర్మన్, తర్వాత పాట్ సమ్మిట్ పేరుతో గొప్ప కోచ్ అయిన పాట్ హెడ్ ఉన్నారు. ఐదు ఆటల్లోనూ సగటున 15.2 పాయింట్లతో, 7 రీబౌండ్లతో జట్టులో ముందున్నది హారిసే. సోవియట్ యూనియన్ చేతిలో 77–112 తేడాతో ఓడి అమెరికా రజతంతో తిరిగివచ్చింది.

ఆ సోవియట్ జట్టు సెంటర్ ఉల్యానా సెమ్యోనోవా. లాత్వియా మనిషి, దాదాపు ఏడడుగుల ఎత్తు, హారిస్ కన్నా మూడేళ్లు పెద్ద. వీరిద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరికిపోతుంది. ఐరోపాలో మహిళల క్లబ్బుల మధ్య చాంపియన్స్ కప్ 1950ల చివరి నుంచే జరుగుతోంది. సెమ్యోనోవా రిగా నగరపు క్లబ్బు టీటీటీ తరఫున ఏళ్ల తరబడి ఆడి ఆ కప్పును పదిసార్లకు పైగా గెలిచింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో రెండో స్వర్ణం అందుకుంది. 1980ల చివర్లో స్పెయిన్, ఫ్రాన్స్ క్లబ్బులకు కూడా ఆడింది. సోవియట్ క్రీడా వ్యవస్థలో కష్టాలు ఎన్నో ఉండేవి, దాన్ని స్వర్గంలా చిత్రించనక్కర్లేదు. కానీ 24 ఏళ్ల ఆటగత్తెకు రేపు ఉదయం ఏ జిమ్‌కి వెళ్లాలో అక్కడ ఎవరో ఒకరు చెప్పేవారు. హారిస్‌కు 1977 వేసవిలో అలా చెప్పేవారు లేరు. ఆమె దేశంలో మహిళలకు ప్రొఫెషనల్ లీగ్ లేదు. తర్వాతి ఒలింపిక్స్‌ను ఆమె దేశం బహిష్కరించింది.

ఇప్పుడు డ్రాఫ్ట్ దగ్గరకు తిరిగి వద్దాం. ఇలాంటి ప్రయత్నం అంతకుముందు ఒకసారి జరిగింది. 1969లో శాన్ ఫ్రాన్సిస్కో వారియర్స్ జట్టు అయోవా రాష్ట్రపు హైస్కూల్ తార డెనీస్ లాంగ్‌ను ఎంపిక చేస్తే లీగ్ కమిషనర్ దాన్ని రద్దు చేశాడు. అందువల్లనే హారిస్ పేరు ముందు "అధికారికంగా" అన్న మాట చేర్చాల్సి వస్తుంది. జాజ్ ఎంపికను లీగ్ అడ్డుకోలేదు. అయితే డ్రాఫ్ట్ అంటే ఉద్యోగం కాదు. ఏడో రౌండులో పేరు రావడమంటే శిబిరానికి వచ్చి నీ చోటు నువ్వే సంపాదించుకో అని పిలవడం మాత్రమే. అలా పిలిపించుకున్న పురుషుల్లోనూ చాలామంది శిబిరంలోనే రాలిపోయేవారు. హారిస్ అప్పటికి పెళ్లయి మొదటి బిడ్డను మోస్తోంది. ఇదంతా ప్రచారం కోసం చేసిన పనేనని కూడా ఆమె భావించింది.

ఆమె ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్న దశాబ్దాలుగా అడుగుతూనే వచ్చారు. నా దృష్టిలో అది తప్పుడు ప్రశ్న. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు మహిళల ఆటలో సెంటర్‌కు సరిపోతుంది. ఎన్‌బీఏలో అది బంతిని నడిపించే గార్డు ఎత్తు. హారిస్ బడి రోజుల నుంచీ ఆడిన చోటు బుట్ట కింద, వీపు పెట్టి. ఆ శిబిరానికి వెళ్లి ఉంటే, ఎన్నడూ ఆడని స్థానంలో, బంతిని కోర్టు పొడవునా నడిపించే పనిలో, ఆ పనిని పుట్టినప్పటి నుంచీ చేస్తున్న మగవాళ్లతో పోటీ పడాల్సి వచ్చేది. ఆమె ఎక్కడ గొప్పదో ఆ చోటు ఆ కోర్టులో ఆమెకు దొరికేది కాదు. రెండేళ్ల తర్వాత, 1979లో, యాన్ మేయర్స్ ఇండియానా పేసర్స్‌తో 50,000 డాలర్ల ఒప్పందం చేసుకుని నిజంగానే శిబిరానికి వెళ్లింది. ఆమె సహజంగా గార్డు. అయినా తుది జట్టులో చోటు దక్కలేదు.

మహిళల కోసం పెట్టిన లీగ్ 1978 డిసెంబరులో మొదలైంది. ఉమెన్స్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అనే ఆ సంస్థ మూడు సీజన్లు నడిచి, జీతాలు చెల్లించలేని జట్లతో 1981లో మూతపడింది. హారిస్ 1979–80లో హ్యూస్టన్ ఏంజెల్స్ తరఫున కొద్దికాలం ఆడింది. ఆమె ప్రొఫెషనల్ జీవితం మొత్తం అంతే. 1997లో మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ మొదటి ఆట జరిగేనాటికి ఆమెకు 42 ఏళ్లు.

వ్యవస్థల మాట పక్కన పెడితే, జబ్బు కూడా ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. 1980ల మొదట్లో మానసికంగా కుంగి ఆస్పత్రి పాలైనప్పుడు ఆమెకు బైపోలార్ డిజార్డర్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక రోగం) ఉన్నట్టు తేలింది. ఆ సంగతి ఆమె తర్వాతి కాలంలో దాచకుండా మాట్లాడింది. దీన్ని ఆటకు దూరమైన దుఃఖానికి ముడిపెట్టి కథ అల్లడం తేలికే గానీ అది న్యాయం కాదు. బైపోలార్ ఒక రోగం, దానికి దాని కారణాలు ఉంటాయి. ఈ మధ్యలోనే ఆమె డెల్టా స్టేట్‌లో అడ్మిషన్ల విభాగంలో పనిచేసింది, అక్కడి జట్టుకు సహాయ కోచ్‌గా ఉంది, మాస్టర్స్ పట్టా పుచ్చుకుంది. 1984 నుంచి రెండేళ్లు హ్యూస్టన్‌లోని టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్‌గా పనిచేసి, తర్వాత మిసిసిపీకి తిరిగి వచ్చి హైస్కూల్లో పాఠాలు, ఆట నేర్పుతూ నలుగురు పిల్లలను పెంచింది.

ఇక రికార్డుల చిక్కు మిగిలింది. హారిస్ ఆడిన రోజుల్లో మహిళల కాలేజీ ఆటలను నడిపింది ఏఐఏడబ్ల్యూ అనే సంఘం. 1971లో మహిళా వ్యాయామ విద్యావేత్తలే దాన్ని స్థాపించారు. పురుషుల కాలేజీ క్రీడల్లాగా వ్యాపారం కాకూడదన్న పట్టుదలతో మొదట స్కాలర్‌షిప్పులను సైతం నిషేధించి, కోర్టు కేసు పడ్డాక 1973లో సడలించారు. పురుషుల క్రీడలు చూసే ఎన్‌సీఏఏ చాలాకాలం మహిళల ఆటలను పట్టించుకోలేదు. వాటికి టీవీ, ప్రేక్షకులు వస్తున్నారని తేలాక 1982లో తన సొంత మహిళల టోర్నమెంట్ పెట్టింది. ఆ పోటీకి తట్టుకోలేక ఏఐఏడబ్ల్యూ అదే ఏడు చేతులెత్తేసింది. ఎన్‌సీఏఏ టోర్నమెంట్లతో పాటు చరిత్ర రాసే పెత్తనాన్ని కూడా చేతుల్లోకి తీసుకుంది. దాని మహిళల రికార్డుల పుస్తకం తన సొంత శకంతోనే మొదలైంది. హారిస్ 2,981 పాయింట్లకు, మూడు టైటిళ్లకు అందులో తావు లేకపోయింది.

ఈ లోపం లోకానికి తెలిసింది 2024లో. అయోవా క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ ఫిబ్రవరిలో కెల్సీ ప్లమ్ పేరిట ఉన్న 3,527 పాయింట్ల ఎన్‌సీఏఏ మహిళల రికార్డును దాటింది. అసలు దాటవలసిన అంకె ఏఐఏడబ్ల్యూ కాలంలో కాన్సస్ తరఫున లినెట్ వుడార్డ్ చేసిన 3,649 కదా అని చాలామంది అభ్యంతరం చెప్పారు. ఆ నెలాఖరులోనే క్లార్క్ దాన్నీ దాటింది. చిన్న కాలేజీల లెక్క కూడా తీస్తే ఫ్రాన్సిస్ మేరియన్ కాలేజీకి ఆడిన పెర్ల్ మూర్ చేసిన 4,061 పాయింట్లు ఇంకా పైన ఉన్నాయి. ఏ అంకె "రికార్డు" అన్నది ఎవరి పుస్తకం తెరిచామన్న దాన్ని బట్టి మారుతుంది. హారిస్ విషయంలో పుస్తకం మూసే ఉండిపోయింది.

గౌరవాలు రాకపోలేదు, ఆలస్యంగా వచ్చాయి. 1992లో బాస్కెట్‌బాల్ దిగ్గజాలకు చోటిచ్చే నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆ వేదిక మీద ఆమె పక్కన నిలబడింది చిన్నప్పుడు దుప్పటి ముసుగులోంచి చూసిన ఆస్కార్ రాబర్ట్‌సనే. 2021లో ఆమె జీవితం మీద 22 నిమిషాల డాక్యుమెంటరీ వచ్చింది. అందులో కెమెరా ముందు కూర్చుని, మధ్యమధ్య నవ్వుతూ, ఆమె తన కథ తానే చెప్పింది. 2022 జనవరి 18న, 66 ఏళ్ల వయసులో, మిసిసిపీలోని మౌండ్ బాయూలో కన్నుమూసింది. రెండు నెలల తర్వాత ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది.

అమెరికాలో ఏటా కాలేజీ స్థాయిలో అత్యుత్తమ క్రీడాకారిణికి వేడ్ ట్రోఫీ ఇస్తారు. డెల్టా స్టేట్ కోచ్ మార్గరెట్ వేడ్ పేరు మీద పెట్టిన బహుమతి అది. ఆమె పేరు దేశమంతటా మోగడానికి హారిస్ ఆడిన నాలుగేళ్లే ప్రధాన కారణం. ఆ ట్రోఫీని మొదటిసారి ఇచ్చింది 1978లో, మాంట్‌క్లెయిర్ స్టేట్ క్రీడాకారిణి క్యారల్ బ్లాజెజోవ్‌స్కీకి. హారిస్ అప్పటికి ఏడాది కిందటే డెల్టా స్టేట్ జెర్సీ విప్పేసింది.